అమెరికా మహా మైదానాల్లో వలస రైతులు, మూలవాసులు: నిత్య జీవితంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పుటలోని సమాధానాలు అమెరికా నడిభాగంలో, రాకీ పర్వతాలకు తూర్పున పరచుకున్న గడ్డి మైదానాలకు, ముఖ్యంగా ఇప్పటి నెబ్రాస్కా, కాన్సస్, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా రాష్ట్రాలకు సంబంధించినవి. కాలం స్థూలంగా 1840 నుంచి 1890 వరకు. యుద్ధాల గురించీ తుపాకుల గురించీ తెలుగు పాఠకులు ఎంతో కొంత వినే ఉంటారు. పొయ్యిలో ఏం మండేది, నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి, పిల్లలు ఎవరిని ఏ వరసతో పిలిచేవారు అన్నవి తెలియకపోతే ఆ నేల ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి ఎలా పోయిందో కూడా సరిగా అర్థం కాదని నా నమ్మకం. అందుకే ఇక్కడ ఇంటి సంగతులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఫ్రాంటియర్ అంటే దేశ సరిహద్దు అనేనా?

కాదు. మనకు సరిహద్దు అనగానే రెండు దేశాల మధ్య గీసిన గీత గుర్తుకు వస్తుంది. అమెరికాలో తెల్లవారి సాగు, ఊళ్ళు, కోర్టులు ఎంతవరకు వచ్చాయో ఆ అంచును ఫ్రాంటియర్ అన్నారు. అది ఏటేటా పడమటికి జరుగుతూ పోయింది. అటువంటి అంచును పటం మీద చూపడం ఇక కుదరదని 1890 జనాభా లెక్కల తరువాత అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అయితే ఇది తూర్పు నుంచి వచ్చినవారు తమ వైపు నుంచి చూసి పెట్టుకున్న మాట. అక్కడి మూలవాసి జాతులైన లకోటాలకూ, పానీలకూ, మాండన్లకూ ఆ చోటు అంచు కాదు, నట్టిల్లు.

“రెడ్ ఇండియన్లు” అనవచ్చా?

తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ చాలాకాలం కనిపించిన మాటే అయినా, ఇక దానిని వదిలేయడమే మర్యాద. 1492లో కొలంబస్ తాను ఆసియా చేరానని పొరబడి వారిని ఇండియన్లు అన్నాడు. దాని ముందు చర్మం రంగును తరువాతివారు చేర్చారు. వారిలో కొందరు పెద్దలు తమను తాము ఇండియన్లు అనే చెప్పుకుంటారు, అమెరికా చట్టాల్లోనూ ఆ మాట ఉంది. ఏ జాతి గురించి మాట్లాడుతున్నామో తెలిసినప్పుడు ఆ జాతి పేరే చెప్పడం అన్నిటికన్నా మంచిది. “సూ” అన్న పేరు కూడా పొరుగువారు పెట్టగా ఫ్రెంచివారి నోట నలిగి వచ్చినదే. వారు తమను లకోటా, డకోటా అని పిలుచుకుంటారు, ఆ మాటకు మిత్రులని అర్థం. జాతి పేరు అవసరం లేని చోట నేను మూలవాసులు అని రాశాను.

వలస రైతులు రాకముందు ఆ మైదానాలు ఖాళీగా ఉండేవా?

ఈ విషయంలో ఉన్నంత అపోహ మరి దేనిలోనూ లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆ మైదానాల్లో అందరూ గుర్రాల మీద తిరిగే సంచార వేటగాళ్ళే అనుకోవడం తప్పు. మిస్సోరీ నది ఎగువన మాండన్, హిడాట్సా, అరికారా జాతులూ, ప్లాట్, లూప్ నదుల ఒడ్డున పానీలూ వందల ఏళ్ళుగా ఊళ్ళు కట్టుకుని వ్యవసాయం చేసినవారు. వారి ఇళ్ళు గుండ్రంగా ఉండేవి. లావుపాటి దుంగలు నాటి, పైన వాసాలు పరిచి, వాటి మీద కొమ్మలు, గడ్డి, ఆపైన దట్టంగా మట్టి కప్పేవారు. సుమారు 12 మీటర్ల వెడల్పున్న అటువంటి ఇంట్లో బంధువులంతా కలిసి ఉండేవారు. చలికాలంలో మంచి గుర్రాలను కూడా లోపలే కట్టేసేవారు. మాండన్, హిడాట్సా ఊళ్ళలో ఇల్లూ చేనూ ఆడవారివి.

పొలం పని ఎలా సాగేదో బఫెలో బర్డ్ వుమన్ అనే హిడాట్సా పెద్దావిడ వృద్ధాప్యంలో ఎంతో వివరంగా చెప్పి రాయించారు. 1839 ప్రాంతంలో పుట్టిన ఆమె మాటల్లో ఆ వ్యవసాయం కళ్ళకు కడుతుంది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు వారి ముఖ్యమైన పంటలు. ఒక రకం మొక్కజొన్న పక్కన మరొక రకం వేస్తే గింజ కలిసిపోతుందని వారికి తెలుసు. అందుకే రకాన్ని బట్టి చేలను దూరదూరంగా వేసేవారు. కంకి పాలు పోసుకునే వేళకు చేలో ఎత్తైన వేదిక కట్టి, ఆడపిల్లలు దాని మీద కూర్చుని పాటలు పాడుతూ కాకులను తోలేవారు. జొన్నచేలో మంచె చూసినవారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు. పంట ఎండాక గింజను పాతరల్లో దాచేవారు. నోరు ఇరుకుగా, అడుగు వెడల్పుగా, నిచ్చెన వేసుకుంటే తప్ప దిగలేనంత లోతుగా తవ్విన ఆ పాతరలకు గడ్డి పరిచి, పైన తోలు కప్పి, మట్టి పూడ్చి, తమకు తప్ప ఇతరులకు ఆనవాలు తెలియకుండా చేసేవారు. ఇంతటి సేద్యం జరిగిన చోటును ఖాళీ నేల అనడం న్యాయం కాదు.

టిపి అంటే గుడారమేనా? దానిని ఎవరు కట్టేవారు?

గుడారమే, కానీ చలికాలమంతా కాపురం ఉండగలిగిన ఇల్లు. లకోటాలు మూడు నిటారైన పైన్ వాసాలను కలిపి కట్టి నిలబెట్టి, మిగిలిన వాసాలను వాటికి ఆనించి, 12 నుంచి 18 బైసన్ తోళ్ళు కుట్టిన కప్పును చుట్టూ తిప్పేవారు. గుమ్మం తూర్పుకు పెట్టేవారు. పైన పొగ పోయే చోట చెవుల్లాంటి రెండు రెక్కలుండేవి. గాలి వాటాన్ని బట్టి వాటిని కర్రలతో తిప్పితే లోపల నిప్పు మండుతున్నా పొగ పేరుకునేది కాదు. లోపల మరొక తోలు తెర కట్టడం వల్ల చలిగాలి నేరుగా తగిలేది కాదు. తోళ్ళు నానబెట్టి, గీకి, మెదడు రాసి మెత్తబరిచి, కుట్టి, నిలబెట్టేదంతా ఆడవారే. ఇల్లు వారి సొత్తు. కదలవలసి వచ్చినప్పుడు ఇంటి వాసాలనే గుర్రానికి రెండు వైపులా కట్టి, వాటి మీద సామానూ పసిపిల్లలనూ ఉంచి లాక్కుపోయేవారు. స్పానిష్ వారి గుర్రాలు మైదానాలకు చేరకముందు ఆ బరువును కుక్కలు లాగేవి. లకోటా భాషలో గుర్రానికి “పవిత్రమైన కుక్క” అన్న అర్థం వచ్చే పేరు పెట్టడంలో ఆ జ్ఞాపకం ఉంది.

బైసన్ అంటే మన అడవిదున్నేనా? అది వారికి అంత ముఖ్యం ఎందుకు?

రెండూ దూరపు చుట్టాలు, కానీ ఒకటి కాదు. బైసన్‌కు మెడ మీద ఎత్తైన మూపురం, ముందు భాగమంతా జూలు ఉంటాయి. దాని మాంసం తిండి, తోలు ఇల్లూ పడకా, నరం కుట్టుదారం, కొమ్ము గరిటె, పొట్టసంచి నీళ్ళ పాత్ర, మెడ వెంట్రుకలు తాడు, ఎండిన పేడ వంటచెరకు. ఒక్క జంతువు పోతే ఇన్ని పోతాయని గుర్తుంచుకుంటే, దానిని చంపించడం ఏమిటో తరువాతి ప్రశ్నల్లో తేటపడుతుంది.

వారి కుటుంబాలు ఎలా ఉండేవి?

తెలుగువారు ఇట్టే అర్థం చేసుకోగలిగిన విషయం ఇది. లకోటాల జీవితానికి మూలం టియోష్పాయె, అంటే కలిసి తిరిగే, కలిసి తినే బంధువర్గం. అక్కడి పిల్లకు తండ్రి అన్నదమ్ములు కూడా తండ్రులే. వారందరినీ “అతె” అనే పిలుస్తుంది. తల్లి అక్కచెల్లెళ్ళందరూ “ఇనా”, అంటే అమ్మలే. తల్లి తోడబుట్టినవాడికి మాత్రం వేరే మాట, “లెక్షి”. తండ్రి తోడబుట్టిన ఆడపడుచుకూ వేరే మాట ఉంది. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని ఒక వైపు, మేనమామ, మేనత్త మరొక వైపు ఉన్న మన వావివరసల వంటిదే ఈ అమరిక. ఇంగ్లీషులో ఇవన్నీ కలిసి “అంకుల్, ఆంటీ” అయిపోతాయి కాబట్టి, వలస వచ్చినవారికి ఇది బొత్తిగా అంతుబట్టలేదు.

ఈ పోలికను మొదట గమనించింది నేను కాదు. 1859 నుంచి 1862 వరకు కాన్సస్, నెబ్రాస్కా ప్రాంతాల్లో తిరిగి మూలవాసుల వరసలను సేకరించిన అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్, 1871లో ప్రచురించిన పట్టికల్లో తమిళ, కన్నడ వరసలతోపాటు తెలుగు వరసలను కూడా చేర్చాడు. మూలవాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇది రుజువని ఆయన భావించాడు. ఇటువంటి వరసలు ప్రపంచంలో ఎన్నో చోట్ల విడివిడిగా ఉన్నాయని తేలడంతో తరువాతి పండితులు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది: మనలో చాలా కులాల్లో మేనరికం సంబరంగా చేసుకునే పెళ్ళి, లకోటాలలో అంత దగ్గర బంధువుల మధ్య పెళ్ళి కూడదు.

బండ్ల బాటల మీద ప్రయాణం ఎలా సాగేది? దాడులు నిజంగా అంత ఎక్కువా?

మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ వంటి ఊళ్ళ నుంచి పడమటి తీరంలోని ఆరెగాన్ వరకు సుమారు 3,200 కిలోమీటర్లు. రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే మంచి నడక. మొత్తం నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. గుడ్డకప్పు బండ్లను ఎక్కువగా ఎద్దులే లాగేవి. బండి నిండా పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం, పనిముట్లు ఉండేవి కాబట్టి ముసలివారు, జబ్బుపడ్డవారు తప్ప మిగతావారంతా దాని పక్కన నడిచేవారు. చావులకు పెద్ద కారణాలు కలరా, నదులు దాటేటప్పటి ప్రమాదాలు, బండి చక్రాల కింద పడటం, తుపాకీ పొరపాటున పేలడం.

ఇక దాడుల సంగతి. 1840 నుంచి 1860 వరకు ఆ బాటల మీద మూలవాసుల చేతుల్లో చనిపోయిన ప్రయాణికులు 362 మంది, ప్రయాణికుల చేతుల్లో చనిపోయిన మూలవాసులు 426 మంది అని ఒక చరిత్రకారుడు ఆ కాలపు రాతలన్నీ గాలించి లెక్కగట్టాడు. లక్షల మంది నడిచిన బాటల మీద, ఇరవై ఏళ్ళ లెక్క ఇది. ఎక్కువగా జరిగింది ఇచ్చిపుచ్చుకోవడమే: మూలవాసులు పాదరక్షలు, ఎండుమాంసం, గుర్రాలు అమ్మేవారు, నదులు దాటించేవారు, తమ నేల మీదుగా పోనిచ్చినందుకు సుంకం అడిగేవారు. ఆ సుంకం న్యాయమైనదే. ఎందుకంటే ప్లాట్ నది పొడవునా వేల పశువులు గడ్డి మేసేశాయి, వంటకు చెట్లు నరికారు, బైసన్ మందలు ఆ దారికి దూరంగా జరిగిపోయాయి.

160 ఎకరాలు నిజంగా ఉచితంగా ఇచ్చారా?

1862 మే 20న అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, 21 ఏళ్ళు నిండినవారు గానీ ఇంటి యజమాని అయినవారు గానీ 160 ఎకరాలకు అర్జీ పెట్టుకోవచ్చు. ఐదేళ్ళు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, సాగు చేసి, ఇద్దరు సాక్షులతో రుజువు చేయిస్తే పట్టా వస్తుంది. మొత్తం రుసుము 18 డాలర్లు. అమెరికా పౌరులవుతామని ప్రకటించిన విదేశీయులూ, ఒంటరి స్త్రీలూ, వితంతువులూ అర్హులే. చివరకు సుమారు 16 లక్షల మందికి పట్టాలు వచ్చాయి.

భూమికి ధర లేకపోయినా బండి, ఎడ్లు, నాగలి, విత్తనం, మొదటి పంట చేతికొచ్చేదాకా తిండి కొనడానికి వందల డాలర్లు కావాలి. అది లేక, లేదా వాన లేక, ఐదేళ్ళు నిండకుండానే వదిలి వెళ్ళినవారు ఎందరో. స్థూలంగా నూరవ రేఖాంశానికి పడమట ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం కాదు. తడి నేలల్లో బతకడానికి సరిపోయే 160 ఎకరాలు అక్కడ ఒక కుటుంబానికి చాలవు. “నాగలి వెంట వాన వస్తుంది” అని రైలు కంపెనీల వారూ భూముల దళారులూ చేసిన ప్రచారాన్ని నమ్మి వెళ్ళినవారి కష్టం తలుచుకుంటే బాధ కలుగుతుంది. అదే సమయంలో, ఆ భూమి ప్రభుత్వం చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్న అర్జీ ఫారంలో ఎక్కడా లేదన్నదీ మరిచిపోకూడదు. ఆ భూమి ఎవరిదో వారికి 1862లో ఈ చట్టం కింద అర్హత లేదు. 1875లో ఇచ్చినప్పుడు కూడా తమ జాతితో సంబంధం తెంచుకోవాలన్న షరతు పెట్టారు.

పచ్చికమట్టి ఇళ్ళు అంటే ఏమిటి?

చెట్లు లేని చోట కలప దొరకదు, కొనడానికి డబ్బు లేదు. గడ్డి వేళ్ళు గట్టిగా అల్లుకున్న నేలను ప్రత్యేకమైన నాగలితో పట్టీలుగా కోసి, ఆ పట్టీలను రెండు మూడు అడుగుల పొడవు ముక్కలుగా నరికి, గడ్డి వైపు కిందికి ఉండేలా ఇటుకల్లా పేర్చేవారు. గోడలు రెండడుగులకు మించిన మందంతో ఉండేవి కాబట్టి ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. నిప్పు అంటుకోదు, గాలికి ఎగిరిపోదు. బాధంతా పైకప్పుతోనే. రెండు రోజులు వాన కురిస్తే లోపల మూడు రోజులు బురద కారేది. పైనుంచి మట్టీ, పురుగులూ, ఒక్కోసారి పాములూ రాలకుండా కప్పు కింద పలచటి గుడ్డ కట్టేవారు. స్థోమత ఉన్నవారు గోడలకు సున్నం వేసేవారు, లోతైన కిటికీ గూట్లో పూలకుండీ పెట్టుకునేవారు. మాండన్, పానీ ఊళ్ళలోని ఇళ్ళు కూడా ఇదే నేలమట్టితో, ఇదే చలిని తట్టుకోవడానికి కట్టినవి. కొత్తగా వచ్చినవారు తమ ఇల్లు నేర్పున్న పని అనుకుంటూ వారి ఇళ్ళను అనాగరికమన్నారు.

వంటచెరకు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు?

పిడకలే. మనలా తట్టి ఎండబెట్టినవి కావు, మైదానంలో వాటంతట అవే ఎండిన బైసన్ పేడకళ్ళు. మూలవాసులు ఎప్పటి నుంచో వాటిని వాడుతున్నారు. తూర్పు పట్టణాల నుంచి వచ్చిన ఆడవారు మొదట ముట్టుకోవడానికి రోసి, కొద్ది వారాలకే కొంగు నిండా ఏరుకునే స్థితికి వచ్చారు. బైసన్లు పోయాక ఆవు పేడ, మొక్కజొన్న బెండ్లు, ముడి వేసి మెలిపెట్టిన ఎండుగడ్డి మండించారు. నీళ్ళు మరింత కష్టం. వాగుకు దగ్గరి భూములు ముందు వచ్చినవారికే దక్కాయి. మెట్టన పడినవారు చేత్తో బావులు తవ్వుకున్నారు. కొన్నిచోట్ల 60 మీటర్ల లోతుకు దిగితే గానీ నీరు పడలేదు. గాలి వాటానికి తనంతట తాను తిరిగే గాలిమర పంపు 1854లో వచ్చినా, చాలా ఇళ్ళకు అది చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఏం తినేవారు?

వలసవారి ఇంట రోజూ మొక్కజొన్నే: జావ, రొట్టె, ఉడికించిన గింజలు. దానికి తోడు ఉప్పు పంది మాంసం, చిక్కుడు గింజలు, తీపికి జొన్న జాతి గడ ఉడికించి తీసిన పాకం, కాఫీ కొనలేనప్పుడు మాడ్చిన గోధుమల కషాయం. ఆ మొక్కజొన్న వంగడాలు ఈ ఖండపు మూలవాసులు వేల ఏళ్ళు సాకినవే. లకోటాలు ఎండుమాంసాన్ని దంచి, కొవ్వూ చోక్‌చెర్రీ పళ్ళూ కలిపి “వస్నా” చేసేవారు. అది నెలల తరబడి నిలవ ఉంటుంది. “తింప్సిలా” అనే దుంపను వేసవి మొదట్లో తవ్వి, తొక్క తీసి, జడలా అల్లి ఎండబెట్టేవారు. రిజర్వేషన్లలో, అంటే మూలవాసులకని హద్దులు గీసి కేటాయించిన భూముల్లో పెట్టాక ప్రభుత్వం ఇచ్చే పిండి, కొవ్వు, పంచదారే దిక్కయ్యాయి. ఇప్పుడు మూలవాసుల వంటకంగా పేరున్న వేపుడు రొట్టె ఆ రేషన్ల నుంచి పుట్టిందే. దానిని ఇష్టంగా తినేవారూ, ఆ ఆకలి రోజుల గుర్తని బాధపడేవారూ ఒకే కుటుంబంలో కనిపిస్తారు.

మిడతల దండు, మంచు తుపాను కథలు నిజమేనా?

నిజమే. 1874 వేసవిలో రాకీ పర్వతాల మిడతలు ఆకాశం కమ్ముకుని దిగాయి. చేలు తిన్నాయి, నేలలో ఉల్లిగడ్డలను గుల్ల చేసి బొక్కలు మిగిల్చాయి, ఆరేసిన బట్టలు, పనిముట్ల పిడులు కూడా కొరికాయి. విచిత్రమేమంటే ఆ మిడత జాతి కొద్ది దశాబ్దాల్లోనే అంతరించింది; ప్రాణంతో చివరిసారి దొరికింది 1902లో. 1888 జనవరి 12న ఉదయం వెచ్చగా ఉండటంతో పిల్లలు పలచటి బట్టలతో బడికి పోయారు; అంతలో తుపాను విరుచుకుపడి చేతి దూరం కూడా కనబడలేదు. చనిపోయినవారు 235 మంది అని అంచనా. వారిలో బడి నుంచి ఇంటికి బయలుదేరిన పిల్లలు ఎందరో ఉండటం వల్ల దానిని పిల్లల తుపాను అని పిలుస్తారు.

పిల్లల చదువు ఎలా ఉండేది?

వలసవారి పిల్లలకు ఒకే గది బడి, ఎనిమిది తరగతులకూ ఒకే టీచరు, అదీ చాలాచోట్ల ఇరవై ఏళ్ళు నిండని అమ్మాయి. పొలం పనులు లేని నెలల్లోనే బడి.

మూలవాసుల పిల్లలు తాత చెప్పే కథల్లో, తల్లి కుట్టే పూసల్లో, తండ్రి వెంట వేటలో నేర్చుకునేవారు. లకోటాలు ఏడాదికొక బొమ్మ చొప్పున తోలు మీద చరిత్ర రాసుకునేవారు. ఉల్కలు వర్షంలా కురిసిన 1833 అటువంటి ఎన్నో తోళ్ళ మీద “నక్షత్రాలు రాలిన ఏడు”గా ఉంది. ఈ చదువును తుడిచివేయాలనే 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ వసతి బడిని తెరిచారు. అక్కడికి మొదట చేరిన లకోటా పిల్లలకు వచ్చీ రాగానే జుట్టు కత్తిరించారు. వారి ఆచారంలో జుట్టు కోసుకోవడం ఆత్మీయులు చనిపోయినప్పుడు చేసే పని. తమ ఇంట ఎవరు పోయారోనని పిల్లలు ఏడ్చారు. నల్లబల్ల మీద రాసిన ఇంగ్లీషు పేర్లలో ఒకదానిని కర్రతో చూపమని, చూపినదానినే వారి పేరుగా పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఇటువంటి బడుల్లో కనీసం 973 మంది పిల్లలు చనిపోయినట్టు 2024లో అమెరికా ప్రభుత్వమే నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు క్షమాపణ చెప్పారు. కార్లైల్ శ్మశానంలో ఉన్న రోజ్‌బడ్ రిజర్వేషన్‌కు చెందిన తొమ్మిది మంది లకోటా పిల్లల అవశేషాలు 2021లో ఇల్లు చేరాయి.

జబ్బు చేస్తే వైద్యం ఉండేదా?

వలసవారికి డాక్టరు ఒక రోజు ప్రయాణం దూరం; కాన్పులు పొరుగింటి ఆడవారి చేతుల మీదుగానే జరిగేవి. మూలవాసులకు మూలికలు, మంత్రసానులు, క్రతువులు తెలిసిన పెద్దలు ఉన్నారు, కానీ బయటి నుంచి వచ్చిన జబ్బులకు అవి చాలలేదు. 1837లో మిస్సోరీ నది మీద వచ్చిన ఒక స్టీమరుతోపాటు మశూచి దిగింది. ఆ వేసవి చివరికి, 1,600కు పైగా ఉన్న మాండన్లలో నూట యాభై మంది కూడా మిగల్లేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర పాఠకులు కాసేపు ఆగాలని నా మనవి.

ఒమాహా జాతి బిడ్డ సుసాన్ లా ఫ్లెష్ 1889లో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల నుంచి ప్రథమురాలిగా పట్టా పొంది, మూలవాసి మహిళల్లో తొలి డాక్టరయ్యారు. మన దేశపు ఆనందీబాయి జోషి 1886లో చదువు ముగించుకుని వచ్చింది ఆ కళాశాల నుంచే. అదే ఏడాది సుసాన్ అందులో చేరారు. ఆమె నెబ్రాస్కాలో తన ఊరికి తిరిగివచ్చి, గుర్రబ్బండి మీద మూలవాసులకూ తెల్లవారికీ వైద్యం చేశారు. 1913లో వాల్ట్‌హిల్‌లో ఆసుపత్రి కట్టించారు.

మూలవాసులంతా ఒక్కటిగా ఉండేవారా?

లేరు. లకోటాలూ పానీలూ తరతరాల పగవారు. 1873 ఆగస్టులో నెబ్రాస్కాలో బైసన్ వేటకు వెళ్ళిన పానీల మీద లకోటాలు దాడి చేయగా ఆడవారు, పిల్లలతో సహా 70 మందికి పైగా చనిపోయారు. పానీ యువకులు సైన్యానికి దారి చూపేవారిగా పనిచేయడానికి ఈ పగ ఒక కారణం. వలసవారూ ఒకే రకం కాదు: నార్వే, జర్మనీ, బొహీమియా రైతులూ, 1877లో కాన్సస్‌లో నికొడీమస్ ఊరు కట్టుకున్న, బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారూ ఉన్నారు.

బైసన్లు దాదాపు అంతరించే స్థితికి ఎలా వచ్చాయి?

ఒకప్పుడు మూడు కోట్ల వరకు ఉండేవని అంచనా. 1871 ప్రాంతంలో వాటి తోలును యంత్రాల బెల్టులకు పనికొచ్చేలా పదును చేసే పద్ధతి కుదరడం, రైలు అందుబాటులోకి రావడం ఒకేసారి జరిగాయి. వేటగాళ్ళు తోలు ఒలుచుకుని మాంసాన్ని కుళ్ళడానికి వదిలేశారు. బైసన్ పోతే మూలవాసులు లొంగుతారని సైన్యాధికారులు బాహాటంగా సంతోషించారు. వాటిని కాపాడే బిల్లును అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు 1874లో ఆమోదించినా అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టలేదు. 1880 దశకం చివరికి వెయ్యి కూడా మిగల్లేదు. కొత్తగా వచ్చిన రైతులు దున్నడానికి ముందు పొలంలో ఎముకలు ఏరి, ఎరువుల కోసం టన్నుల లెక్కన అమ్ముకున్నారు. చాలా కుటుంబాలకు ఆ నేల మీద వచ్చిన మొదటి డబ్బు అదే.

ఒప్పందాలు ఉండగా భూమి ఎలా పోయింది?

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం బ్లాక్ హిల్స్‌తో సహా ఇప్పటి దక్షిణ డకోటా పడమటి సగాన్ని లకోటాలకు వదిలింది. వయోజనులైన మగవారిలో నాలుగింట మూడు వంతుల సంతకాలు లేనిదే ఇక అందులో భూమి తీసుకోకూడదు. 1874లో ఆ కొండల్లో బంగారం కనబడింది; 1877లో పదో వంతు సంతకాలు మాత్రమే తీసుకుని, రేషన్లు ఆపుతామని బెదిరించి లాక్కున్నారు. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టు పరిహారం ఖాయం చేసింది. వడ్డీతో వంద కోట్ల డాలర్లు దాటిన ఆ డబ్బును లకోటాలు ఇప్పటికీ ముట్టుకోలేదు. వారికి కావలసింది కొండలు. 1887 చట్టం ఉమ్మడి భూములను కుటుంబానికి ఇంత అని పంచి, మిగిలినది బయటివారికి ఇచ్చింది. దానితో మూలవాసుల చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు తగ్గాయి.

ఒక మనిషి కథ చెబుతాను. 1877లో పోంకా జాతిని నెబ్రాస్కా నుంచి దక్షిణాదికి తరిమారు. అక్కడ కొడుకు చనిపోతే, అతని కోరిక ప్రకారం పుట్టిన నేలలో పాతిపెట్టడానికి నాయకుడు స్టాండింగ్ బేర్ ఎముకలు కొరికే చలిలో శవంతో వెనక్కి నడిచాడు. సైన్యం పట్టుకుంది. 1879 మేలో ఒమాహా కోర్టులో న్యాయమూర్తి డండీ, చట్టం దృష్టిలో మూలవాసి కూడా “మనిషి”యే అని తీర్పు చెప్పి విడిపించాడు. కొడుకు ఎముకలు నయొబ్రారా నది ఒడ్డు చేరాయి.

ఇప్పుడు చూడదగిన చోట్లు ఏమైనా ఉన్నాయా?

ఒమాహా, కాన్సస్ సిటీల్లోని తెలుగు కుటుంబాలు నిజానికి మూలవాసి జాతుల పేర్లున్న ఊళ్ళలోనే ఉంటున్నాయి. నెబ్రాస్కా అన్న మాటకు అక్కడి మూలవాసుల భాషల్లో చదునైన నీరు అని అర్థం, ప్లాట్ నదికి పెట్టిన పేరు. బియాట్రిస్ ఊరి దగ్గర హోమ్‌స్టెడ్ జాతీయ చారిత్రక ఉద్యానంలో, తొలి అర్జీదారులలో ఒకరైన డేనియల్ ఫ్రీమన్ భూమి ఉంది. పిల్లలను తీసుకువెళ్ళేవారు వీలైతే ఉత్తర డకోటాలోని నైఫ్ నది గ్రామాలకు కూడా వెళ్ళండి. అక్కడ పాత పద్ధతిలో తిరిగి కట్టిన మట్టి ఇల్లు ఒకటి ఉంది. దానిని దాటి నది వైపు నడిస్తే గడ్డిలో వరుసగా గుండ్రటి పల్లాలు కనిపిస్తాయి. ఒక్కొక్క పల్లం ఒక్కొక్క హిడాట్సా ఇల్లు కూలిన చోటు.